సరకు ఎత్తుటకు ముందు బెల్టు చూడుడు

పత్తి తీతలకాలము వచ్చినచో గోనెగండ్ల ప్రాంతపు రైతులు సరకును ఆదోని మార్కెటు యార్డునకు చేర్చుటకు పికప్ వాహనములను బాడుగకు తెచ్చుకొందురు. బండి మంచిచెడ్డలు డ్రైవరే చూచుకొనునని మనవారి తలంపు. అది సరికాదని నా అభిప్రాయము. దారిలో బండి నిలిచినచో వాహనదారునకు పోవునది బాడుగ. రైతునకు పోవునది ఆనాటి ధర.

ఇంజను ముందుభాగమున తిరుగు రబ్బరు బెల్టు చూచుటకు స్వల్పవస్తువు. అయినను బ్యాటరీని నింపు ఆల్టర్నేటరును, పెక్కు బండ్లలో నీటిపంపును త్రిప్పునది అదియే. అట్టి బండిలో బెల్టు తెగినచో నీరు తిరుగుట మాని, కొలది నిమిషములలో ఇంజను కాగిపోవును. అప్పుడును ఆపక నడిపినచో సిలిండరు హెడ్డు వంగి, ఖర్చు పదింతలగును.

పరీక్ష కష్టమైనది కాదు. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, చల్లారిన పిదప బానెట్టు ఎత్తవలెను. బెల్టు అంచులు పీచులు లేచినవా, ముక్కలు ఊడినవా, లోపలివైపు అద్దమువలె నునుపెక్కినదా, నూనె తగిలినదా చూడవలెను. పగుళ్లు లేవని మాత్రము మోసపోరాదు. 1990 దశకము నుండి వ్యాప్తికి వచ్చిన ఇ.పి.డి.ఎం. రబ్బరు బెల్టులు పగులకయే టైరువలె అరిగిపోవును. కావున గాళ్ల అరుగుదలను కూడ పరిశీలింపవలెను.

కీచుమను బెల్టుపై కొందరు సబ్బో నూనెయో పూయుదురు. అరపు అణగును గాని రోగము పోదు. నూనె రబ్బరును చెఱచును. బిగువు తక్కువయో, పుల్లీలు వరుస తప్పినవో మెకానిక్కుచే చూపింపవలెను. తిరుగుచున్న ఇంజను దగ్గరకు చేతినిగాని, పంచె చెంగునుగాని పోనీయరాదు.

కపిల తోలిన మన పెద్దలు మోకును తడిమి చూడనిదే ఎద్దులను కట్టెడివారు కారు. ఆ మెలకువ మనకు క్రొత్త కాదు; యంత్రము విషయమున మాత్రము మరచితిమి.

కావున నా మనవి యిది. తీతలకు ముందే సంఘము ఒకనాడు మన సరకు తోలు బండ్లనన్నిటిని మెకానిక్కుచే పరీక్షింపజేయవలెను. ప్రతి బండిలోను దానికి సరిపడు బెల్టు నొకటి అదనముగ నుండవలెను. సరకు ఎత్తుటకు ముందు, “బెల్టు చూచితివా నాయనా?” అని అడుగుటకు ఏ రైతును సంకోచింపరాదు. నష్టము మనదైనప్పుడు అడుగు హక్కును మనదే.