బాలింత చేతికి కారు తాళం ఎప్పుడు?

మన ఇళ్ళలో బాలింతకి చెప్పే జాగ్రత్తలకి లోటుండదు. చెవుల్లో దూది పెట్టుకో, చన్నీళ్ళు ముట్టుకోకు, నడికట్టు విప్పకు. ఈమధ్య ఆ వరసలో ఇంకోటి చేరింది: "కారు తీయకు, ఇన్సూరెన్స్ రాదు." చెప్పేది అత్తగారైనా, ఆయనగారైనా, పక్కింటి పిన్నిగారైనా గట్టి నమ్మకంతోనే చెబుతారు. పాలసీ కాగితం బీరువాలోంచి తీసి చదివినవాళ్ళు మాత్రం కనబడరు.

ఇది ఏ నలుగురి గొడవో కాదండీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం పెద్దాపరేషన్లే. ఆ తల్లుల్లో కారు నడిపేవాళ్ళు, స్కూటీ నడిపేవాళ్ళు ఎంతమందో మన వీధిలోనే లెక్కపెట్టుకోవచ్చు.

ఈ మాట చాలావరకు బ్రిటన్‌లో ఉన్న మన పిల్లల ఫోన్లలోంచి వచ్చిందని నా అనుమానం. అక్కడ సిజేరియన్ తర్వాత ఓ ఆరు వారాలు డ్రైవింగ్ వద్దని చెప్పడం మామూలు. కొన్ని బీమా కంపెనీలు డాక్టరు సరేనన్నాకే నడపమంటాయి. మన దగ్గర మామూలు కారు పాలసీ డ్రైవరు విషయంలో చూసేది వేరు. చెల్లే లైసెన్సు ఉందా, అది రద్దు కాలేదు కదా, మద్యమో మత్తుమందో పుచ్చుకుని నడపలేదు కదా అన్నవే. కాన్పయి ఎన్ని వారాలైందన్న ప్రశ్న అందులో లేదు.

అలాగని ఇంటికొచ్చిన వారానికే తాళం పుచ్చుకోమని నేననను. శరీరం సహకరించదని, దానివల్ల ఎదుటివాళ్ళకి ప్రమాదమని తెలిసీ బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. పాలసీలో వ్యక్తిగత ప్రమాద బీమా భాగంలోనూ ఒక మెలిక ఉంటుంది. శారీరక లోపం, బలహీనత వల్ల గానీ, మత్తు కలిగించే మందుల ప్రభావంలో గానీ జరిగిన ప్రమాదానికి పరిహారం ఇవ్వమని రాసి ఉంటుంది. నొప్పి మాత్రల్లో కొన్ని నిద్ర తెప్పించేవే. పైగా పసిబిడ్డ ఉన్న ఇంట్లో రాత్రి నిద్రెక్కడిది?

అందుకే నా మాటేమిటంటే, వారాలు లెక్కపెట్టడం కాదు, పొట్టని అడగాలి. బండి ఆపి ఉన్నప్పుడే సీట్లో కూర్చుని బ్రేకు ఒక్కసారిగా గట్టిగా తొక్కి చూడండి. క్లచ్ ఉన్న బండైతే ఎడమకాలితో అదీ తొక్కండి. నడుం తిప్పి వెనక్కి చూడండి. బెల్టు కింది పట్టీ కుట్ల మీద కాకుండా తుంటి ఎముకల మీదుగా, కిందికి పెట్టుకోండి. వీటిలో దేనికి కలుక్కుమన్నా ఆ రోజుకి వద్దు. కుక్క అడ్డమొస్తే ఒక్క క్షణం ఆలోచించి బ్రేకు తొక్కే కాలు మనకీ ప్రమాదం, ఎదుటివాళ్ళకీ ప్రమాదం. ఆరు వారాలప్పుడు ఎలాగూ డాక్టరమ్మకి చూపించుకుంటాం. "బండి నడపచ్చా?" అని నోరు తెరిచి అడిగి, నడపచ్చంటే ఆ చీటీ మీదే రాయించుకుంటే రేపు కంపెనీవాళ్ళు ప్రశ్నించినా చేతిలో కాగితం ఉంటుంది.

అసలు భయపడాల్సింది ఇంకొకటుంది. దాన్ని ఎవరూ ఎత్తరు. కారు ఎవరి పేరు మీద ఉంది? చాలా ఇళ్ళలో ఆయన పేరు మీదే. పాలసీతో పాటు కట్టే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి సొంతదారుడికే. అదే కారు మనం నడుపుతుండగా మనకేమైనా అయితే ఆ 15 లక్షలు మనకి వర్తించవు. కాన్పయి ఆరు వారాలైనా అంతే, ఆరేళ్ళయినా అంతే. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే బండి రిపేరు ఖర్చు కూడా రాదు. "ఇన్సూరెన్స్ రాదు" అని బాలింతని ఆపేవాళ్ళు ఈ సంగతి ఏనాడైనా చూశారా?

దీనికి మార్గాలున్నాయి. ఇంటి ఇల్లాలి పేరు మీద విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోవచ్చు. అదీ బరువనిపిస్తే, బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. రెండు కట్టల కరివేపాకు ఖరీదుకి ఇల్లాలి పేరు ఒక బీమా కాగితం మీదికి ఎక్కుతుంది.

ఇంకొక్క మాట. మూడో వారంలో అదే పచ్చి కుట్లతో నీళ్ళ బిందె ఎత్తినప్పుడు, కింద కూర్చుని బట్టలు పిండినప్పుడు "ఆపరేషనైన ఒళ్ళమ్మా" అని ఎంతమంది అడ్డుపడతారు? తాళం తీసుకున్నప్పుడే అందరికీ కుట్లు గుర్తొస్తాయి. బిందెకి లేని జాగ్రత్త బ్రేకుకి మాత్రం ఉండటం ఒంటి మీద ప్రేమ కాదు. బాలింతకి విశ్రాంతి ఇవ్వదలిస్తే వంటింటి నుంచి మొదలుపెట్టి ఇవ్వండి. అప్పుడు బండి గురించి మీరు చెప్పినా వింటుంది.

బండి తీసే రోజు వచ్చాక, మొదటిసారి పగటిపూట, దగ్గర్లోకే, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని వెళ్ళండి. పాపాయిని ఒళ్ళో పెట్టుకుని మాత్రం ఎవరూ కూర్చోవద్దు. వెనక సీట్లో బిడ్డల కుర్చీ బిగించాల్సిందే. అది లేకపోతే జరిమానా వెయ్యి రూపాయలు. బిడ్డ విలువ దాంతో కొలిచేది కాదని వేరే చెప్పాలా! ఆ కుర్చీ కొనే రోజునే బీరువాలోంచి పాలసీ తీసి, ఎవరి పేరుందో ఇద్దరూ కలిసి చదవండి.