పొంగిన వాగులో కారు.. తేలితే చేతికి చిక్కదు

మరిపెడ: 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం వద్ద ఆకేరు వాగు రహదారిపైకి పొంగింది. కారుతో సహా కొట్టుకుపోయి తండ్రీకుమార్తెలు ప్రాణాలు కోల్పోయారు.

కారు బరువైనది గనుక వరదకు నిలుస్తుందన్నది చోదకుల్లో పాతుకుపోయిన భ్రమ. లెక్క వేరు. చిన్న కారు బరువు సుమారు 900 కిలోలు, అడుగుభాగం దాదాపు 5 చదరపు మీటర్లు. ఆ అడుగుభాగానికి పైన అడుగు ఎత్తున నీరు చేరితే పైకి నెట్టే బలం 1,500 కిలోలకు సమానం. లోపలికి నీరు చొరబడేలోగానే చక్రాలు పట్టు తప్పుతాయి. ఆపై స్టీరింగు, బ్రేకు ఉన్నా లేనట్టే. ఎత్తయిన వాహనాలు కాస్త ఆలస్యంగా తేలతాయి, అంతే. ముందు లారీ దాటిందన్న ధైర్యం కారుకు పనికిరాదు.

గాలి గొట్టం ద్వారా ఇంజినులోకి నీరు చేరితే బండి నడివాగులోనే ఆగుతుంది. వెలుపలి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు, కరెంటు అద్దాలూ మొరాయించవచ్చు. బెల్టు విప్పి, అద్దం దించి బయటపడేందుకు దొరికేది కొద్ది క్షణాలే.

లోలెవల్ వంతెనల వద్ద ముప్పు మరీ ఎక్కువ. కింద రోడ్డు కోసుకుపోయినా పైన నీరు సమంగానే పారుతుంది. పగలు తాడు కట్టి ఆపేవారుంటారు. రాత్రివేళ చాలాచోట్ల ఆ కాపలా కూడా ఉండదు. లోతు అంకెలు రాసిన స్తంభం పాతడానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒడ్డున ఉన్న ఊరివారు ఆగమంటే హారన్ మోగించేవారికీ కొదవ లేదు. వాన వెలిస్తే చిన్న వాగులు సాధారణంగా కొన్ని గంటల్లోనే తగ్గుముఖం పడతాయి.