కరెంటు మన నీళ్లది, చీకటి మన పడవదా?



మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు, 120 మెగావాట్లు. ఎగువ సీలేరులో 240, డొంకరాయిలో 25, దిగువ సీలేరు నాలుగు యూనిట్లలో 460. కలిపితే 845 మెగావాట్లు, అంతా మన కొండల నీళ్లే. ఆ నీళ్ల కింద మన పెద్దల పొలాలు ఉన్నాయి. అదే నీళ్ల మీద రాత్రిపూట వల వేసే మన వాళ్ల నాటు పడవలో ఉన్న వెలుతురెంత? ఫోన్ లైటు. అదీ ఛార్జింగ్ ఉన్నంతసేపే.

2021 మే నెలలో సీలేరు రిజర్వాయర్‌లో రాత్రి వేళ నాటు పడవలు మునిగి, వలస పనుల నుంచి ఒడిశాలోని సొంతూళ్లకి పోతున్న మనవాళ్లు చనిపోయారు. దీపం ఉంటే పడవ మునిగేది కాదని మనం అనడం లేదు. కానీ చీకట్లో నీళ్లలో పడిన మనిషిని వెతకాలంటే వెలుతురు కావాలి. సిగ్నల్ దొరికే చోట నుంచి ఒడ్డుకి కబురు పెట్టాలంటే ఫోన్ బతికుండాలి. ఈ రెండిటికీ కావలసిన కరెంటు చాలా తక్కువ. అది కూడా మన చేతుల్లో లేదంటే తప్పు ఎక్కడుంది?

ఒక తప్పు సోలార్ లాంతర్లు పంచే పద్ధతిలో ఉంది. లాంతరు ఇస్తారు, ఫొటో తీసుకుంటారు, పోతారు. లోపలి బ్యాటరీ చచ్చాక దాన్ని విప్పడం మనకి రాదు, కొత్త బ్యాటరీ మన సంతలో దొరకదు. అది అటక మీదకి పోతుంది. "ఇచ్చినా వీళ్లు వాడుకోలేదు" అన్న మాట మాత్రం మన మీద మిగులుతుంది.

ఇంకో తప్పు మనలోనే ఉంది. యూట్యూబ్‌లో విదేశాల వాళ్లు కయాక్ మీద సోలార్ ప్లేటు బిగించి మోటారుతో చేపలు పడుతుంటే, మనకీ అదే కావాలంటున్నాం. లెక్క చూద్దాం. 12 వోల్టుల చిన్న మోటారు గట్టిగా నడిస్తే 30 ఆంపియర్లు లాగుతుంది. 20 ఆంపియర్-అవర్ బ్యాటరీ దానికి ముప్పావు గంట కూడా రాదు. పైగా మన పడవ సన్నం. దాని మీద ప్లేటు నిలబెడితే గాలి పట్టి ఒరుగుతుంది. రాత్రి వేటకి పోయే పడవ మీద ప్లేటు ఏ ఎండని పట్టుకుంటుంది?

అందుకే మా మాట ఇది: ప్లేటు ఒడ్డున ఉండాలి, బ్యాటరీ పడవ ఎక్కాలి.

5 వాట్ల ఎల్‌ఈడీ ఆరు గంటలు వెలిగితే 30 వాట్-అవర్లు. ఫోన్‌కి ఇంకో 20. రాత్రికి 50. 12.8 వోల్టుల, 20 ఆంపియర్-అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో 256 ఉంటాయి, అంటే ఐదు రాత్రులు. 50 వాట్ల ప్లేటు మంచి ఎండలో రోజుకి సుమారు 150 వాట్-అవర్లు నింపుతుంది. లెక్కకి మూడు పడవలకి సరిపోతుంది. మన మబ్బులు తెలుసు కాబట్టి రెండు పడవలకే పెట్టుకుందాం, వంతులేసుకుని నింపుకుందాం. ప్లేటు దక్షిణం వైపు, చెట్టు నీడ పడని చోట, కొంచెం వాలుగా ఉండాలి.

బిగించేటప్పుడు మరవకూడనివి కొన్ని. ఛార్జ్ కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ కలపాలి, తర్వాతే ప్లేటు. తీసేటప్పుడు ముందు ప్లేటు, తర్వాత బ్యాటరీ. రోజూ బ్యాటరీ తీసి పెట్టే మనకి ఈ వరస తప్పితే కంట్రోలర్ కాలిపోవచ్చు. కంట్రోలర్‌ని లిథియం సెట్టింగులో పెట్టాలి. బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు ఉండాలి. బ్యాటరీని నీరు చొరని మూత డబ్బాలో పెట్టి తాడు కట్టాలి. ఆ డబ్బా నీళ్లలో పడితే తేలుతుందో లేదో ఒడ్డునే పరీక్షించాలి. ఈ దీపం వల చూసుకోవడానికి, మనం కనబడడానికి. చేపల్ని వెలుతురుతో లాగి ఊడ్చేయడానికి కాదు. దీపం వచ్చిందని లైఫ్ జాకెట్ మానకూడదు.

"సోలార్ ఇచ్చి కరెంటు లైను ఎగ్గొడతారు" అని కొందరు అన్నలు అంటున్నారు. ఆ అనుమానం న్యాయమైనదే. లైను కోసం అడగడం మనం ఆపం. కానీ లైను ఇంటిదాకా వచ్చినా పడవలోకి రాదు కదా. హక్కు కోసం కొట్లాడే చేయి, ఫ్యూజు మార్చే చేయి ఒకటే అయితే నష్టం ఎవరికి?

మనలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ వాళ్లున్నారు, పాలిటెక్నిక్ వాళ్లున్నారు. పట్నంలో అపార్ట్‌మెంట్లకి వైరింగ్ చేసే చేతులు సొంతూరి పడవకి రెండు తీగలు కలపలేవా? సెలవులకి వచ్చినప్పుడు ఒక్కో రేవులో ఒక్క సెట్టు బిగిద్దాం. బిగించి వదిలేయకుండా, చేపలు పట్టే అన్నకీ వదినకీ విప్పడం, మళ్లీ కలపడం నేర్పుదాం. ఐటీడీఏని మాత్రం లాంతర్లు అడగొద్దు. విడి భాగాలు అడుగుదాం, మన మాటల్లో శిక్షణ అడుగుదాం, బ్యాటరీ పోతే మండల కేంద్రంలోనే కొత్తది దొరికే ఏర్పాటు అడుగుదాం.

ఏ రేవులో ఎన్ని పడవలు రాత్రి వేటకి పోతున్నాయో మీ ఊరి లెక్క కింద రాయండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.

జై ఆదివాసీ!