బురదలోని పద్మిని

సోదరీమణులారా, ఊరగాయలను గూర్చియు, పాత చీరలతో బొంతలు కుట్టుటను గూర్చియు ఈ పుటలో వ్రాయుచు వచ్చిన మేము ఈ మాసము ఒక పాత కారును గూర్చి వ్రాయబూనితిమి. కొందరు నవ్వవచ్చును, నవ్వినను సరియే. ఊరగాయ కలిపిన చేతులతోనే ఈ పనియు చేసితిమి. గోళ్లలోని గ్రీజు ఇంకను పూర్తిగా వదలలేదు.

మేముండునది బెజవాడలో బెంజ్ సర్కిలుకు సమీపమున, పటమటలో. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు బాటయు, హైదరాబాదునుండి బందరుకు పోవు బాటయు కలిసికొను చోటది. 2020లో ఒక ఫ్లైఓవరును, మరుసటి యేట రెండవదానిని తెరచినది మొదలు లారీలు మా తలలమీదుగా పోవుచున్నవి గాని వాని మ్రోత మాత్రము మాతోనే యున్నది. కొంచెము దూరము నడచినచో జవహర్ ఆటోనగరు. లారీలకు బాడీలు కట్టువారు, ఇంజనులు విప్పువారు, రేకు సాగగొట్టువారు, పాత సామానులమ్మువారు అక్కడ వీథులకు వీథులు నిండియున్నారు. ఇన్నేండ్లు ఇంత చేరువను కాపురముండియు మేమా వీథులలో అడుగిడి యెరుగము. ఆ పని కల్పించినది బుడమేరు.

2024 సెప్టెంబరు 1వ తేదీని బుడమేరు పొంగి సింగునగరు మునిగిన సంగతి మీరెరుగుదురు. మరునాడు కృష్ణకు ప్రకాశం బ్యారేజివద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము వచ్చినది. ఏరును నదియు ఏకకాలమున నిండినచో ఊరి నీరు ఎచ్చటికి పోవును? సింగునగరులోని మా అత్తగారి యింట నడుములోతు నీరు నిలిచెను. ఆమెను పడవలో ఎక్కించి మా యింటికి తెచ్చుకొంటిమి. పంచలోని కారు ఆరు దినములు నీటిలోనే యుండెను.

అది ప్రీమియర్ పద్మిని, 1979లో తయారైనది. ఇటలీవారి ఫియట్ 1100 నమూనాను బొంబాయిలోని కుర్లాయందు ప్రీమియర్ కంపెనీవారు చేయుచు, 1974 ప్రాంతమున దానికీ పేరు పెట్టిరి. నాలుగు సిలిండర్లు, 1089 ఘన సెంటీమీటర్ల ఇంజను, స్టీరింగు కంబమునకే అమర్చిన గేరుకడ్డీ. 2000 ప్రాంతమున దాని తయారీ నిలిచిపోయినది. బొంబాయిలో నలుపు పసుపు టాక్సీలుగా మిగిలిన పద్మినులును 2023 అక్టోబరుతో వీథులను విడిచినవి. పూర్వులు స్త్రీజాతులు నాలుగని చెప్పి పద్మినిని మొదటిదిగా నెన్నిరి. కంపెనీవారి యుద్దేశమేమో గాని, పద్మిని యనగా తామరతీగ గదా, బురద దానికి పుట్టినిల్లే యని మా వారు హాస్యమాడిరి. ఆనాడు మాకు నవ్వు రాలేదు.

మా మామగారు గుడివాడలో ధాన్యపు వ్యాపారము చేయుచు, 1987లో ఒకరు వాడిన ఈ కారును కొనిరి. మిల్లులకు పోవుటకును, పెండ్లిండ్లకును, నూజివీడునుండి మామిడిపండ్ల బుట్టలు తెచ్చుటకును ఇదియే. 2019లో వారు గతించిన తరువాత ఎవరును దానిని కదలింపలేదు. నీరు తీసిన పిదప అరను తెరచి చూడగా మచ్చు వడ్ల పొట్లములు రెండు కుళ్లి అంటుకొనియుండెను. అత్తగారు వానిని చేతిలోనికి తీసికొని చాలసేపు చూచిరి. పాతయినుము కొనువాడు వచ్చి ఇరువదివేలు ఇచ్చెదనని చెప్పగా, “మీకు తోచినట్లు చేయండి, నన్నడిగేదేముంది?” అనిరి. ఆమె ఎన్నడును అట్లు మాటాడు మనిషి కారు. దానితో బేరము మాని, కారును త్రాటితో లాగించి మా యింటి వెనుక రేకులపాకలోనికి చేర్చితిమి. బడిపంతులు జీతముతో ఇట్టి పనికి పూనుకొనుట తెలివియా కాదా యను చర్చ మా యింట ఇప్పటికిని ముగియలేదు.

మొదటి దినమున మా వారు తాళపుచెవి పెట్టి త్రిప్పబోయిరి. ఆటోనగరులో ముప్పదియేండ్లకు పైగా ఫియట్లు బాగుచేసిన వృద్ధుడొకడు చూచిపోవుటకు వచ్చి, పరుగున చెయ్యి పట్టుకొనెను. “మాస్టారూ, తిప్పకండి! లోపల నీళ్లున్నాయి. నీళ్లు నలగవు, రాడ్లే వంగుతాయి.” గాలి నొక్కిన నొదుగును; నీరు ఒదుగదు. సిలిండరులో నీరుండగా ఇంజను తిరిగినచో పిస్టనును మోయు కడ్డీయే వంగిపోవునట. ఇది వరదలో మునిగిన ప్రతి బండికిని వర్తించును గనుక, కారు బాగుచేయు కోరిక లేని సోదరీమణులును దీనిని గుర్తుంచుకొనవలెను.

అతని మాట ననుసరించి బ్యాటరీ తీగలు ఊడదీసితిమి. ఇంజను అడుగున నూనె వదలు మర విప్పగా మొదట స్వచ్ఛమైన నీరు కారెను. నీరు బరువైనది, అడుగున చేరును. తరువాత వచ్చిన నూనె పాలు కలిపిన కాఫీ రంగున నుండెను. గేరుపెట్టెయందును, వెనుక ఇరుసులోను నూనెకు ఇదే గతి. ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో పలుచని నూనె పోసి, మూడు దినములు నాననిచ్చి, పై గేరులో నుంచి కారును మెల్లగా త్రోయగా ఇంజను కదలెను. ఆ కదలిక చక్రము నానుకొన్న మా అరచేతికి తెలిసినది. క్రొత్త కార్లయినచో వానిలోని చిన్న చిన్న యంత్రపు మెదళ్లు తడిసి పనికిరాకపోవును. ఈ ముసలిదానికి అట్టి మెదడు లేకపోవుటయే రక్షయైనది. తీగలను, డైనమోను, డిస్ట్రిబ్యూటరును విప్పి, తుడిచి, నీడను ఆరబెట్టుకొంటిమి.

ఇంజను తిరిగిన సంతోషమున మేమొక తెలివితక్కువ పని చేసితిమి. రంగు కొంటిమి. పాలమీగడ రంగు, నాలుగు డబ్బాలు! మేస్త్రీ వానిని చూచి ఏమియు ననక, తలుపుక్రింద పొడవున పోవు రేకు దూలమును స్క్రూడ్రైవరు పిడితో తట్టుచు పోయెను. ఒకచోట టంగుమనెను, ఒకచోట దబ్బుమనెను. దబ్బుమన్నచోట మొన నానించి నొక్కగా అప్పడమువలె విరిగి లోనికి పోయెను. పూర్వమెన్నడో, ఎవరో, తుప్పుమీద పుట్టీ మెత్తి రంగు వేసిరి. “అమ్మా, రంగు తర్వాత. ముందు ఇనుముందో లేదో చూసుకోండి.” లారీకైనచో క్రింద వేరుగా చట్రముండును. ఈ కారునకు వేరు చట్రము లేదు. నేలరేకు, ఈ దూలములు, గుమ్మపు కంబములు, పైకప్పు అన్నియు కలిసియే దాని వెన్నెముక. దూలము తినిపోయినచో పైరంగు ఎంత మెరసినను ఆ కారు గుద్దుకొన్ననాడు లోనివారిని కాపాడలేదు.

భారతమున నలోపాఖ్యానము చదివినవారికి జ్ఞాపకముండును. బాహుకుని వేషమున నున్న నలుడు ఋతుపర్ణుని రథమునకు బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి కట్టగా రాజు కోపగించెను. ఆ గుఱ్ఱములే సాయంకాలమునకు విదర్భ చేర్చినవి. చిన్ననాడు మా తండ్రిగారు దానిని చదివించినప్పుడు సుడులు, లక్షణములు వల్లించితిమే గాని ఆ పరీక్ష యెట్టిదో ఆ స్క్రూడ్రైవరు మొన చూచిననాటికి గాని తెలియలేదు. రంగు డబ్బాలు మంచము క్రిందికి పోయినవి.

వెల్డింగు మా వశము కాదు. ఆటోనగరు మనిషినే పిలిపించితిమి. కాని అంతకుముందు పని యంతయు మాదే. పెట్రోలు ట్యాంకును విప్పి దూరముగా పెట్టితిమి. ఖాళీ ట్యాంకే మిక్కిలి ప్రమాదము. దానిలోని ఆవిరి నిప్పురవ్వకు ప్రేలును. కారు క్రింద దూరుటకు జాకీని నమ్మక, నాలుగు మూలల ఇనుప ముక్కాళ్లు పెట్టితిమి. కుళ్లిన దూలములను రెండు ప్రక్కల ఒక్కమారే కోసినచో నడుమ వంగిపోవును గనుక ఒక ప్రక్క ముగిసిన తరువాతనే రెండవ ప్రక్క. తలుపులు బిగించియే యుంచి, తలుపునకు గుమ్మమునకు నడుమ సందును మా కుట్టుపెట్టెలోని టేపుతో కొలిచి, గోడమీద వ్రాసికొంటిమి. అతుకు వేసినప్పుడెల్ల మరల కొలిచితిమి. ఈ పని కుట్టుపని యెరిగిన మాకు సులభముగనే యుండెను.

ఇక బ్రేకుల సంగతి. దీనిని చెప్పుటకు సిగ్గగుచున్నది గాని చెప్పక తప్పదు. చక్రపు సిలిండర్లను విప్పి, లోని రబ్బరు కప్పులకు జిడ్డు పట్టియుండగా శుభ్రముగా కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి మరల బిగించితిమి. ఆ కప్పులు క్రొత్తవే, బొంబాయినుండి తెప్పించినవి. పది దినముల తరువాత మా వారు కారును పాకనుండి గేటువరకు నడిపిరి. వెనుక మా యెనిమిదేండ్ల పిల్లవాడు కూర్చుండెను. బ్రేకు నొక్కగా కారు నిలిచెను. కాలు తీసినను మరల కదలలేదు. చక్రములు పట్టుకొనిపోయినవి. మేస్త్రీ వచ్చి, “దేంతో కడిగారమ్మా?” అని అడిగెను. చెప్పితిమి. అతడు ఒక కప్పును ఊడదీసి, క్రొత్తదాని ప్రక్క పెట్టి చూపెను. ఊరబెట్టిన శనగగింజవలె ఉబ్బియున్నది. కిరోసిన్, పెట్రోలు, ఇంజను నూనె వంటివి తగిలిన ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడును. దానిని బ్రేకు నూనెతోనే కడుగవలెను. “ఇదే బెంజ్ సర్కిల్లో, వెనక లారీ ఉండగా పట్టేసుంటే?” అని మాత్రమనెను. ఆ రాత్రి మేము భోజనము చేయలేకపోతిమి. నాలుగు చక్రముల రబ్బర్లను, గొట్టములను, నూనెను పారవైచి, మొదటినుండి చేసితిమి. ఈసారి ప్రతి మర బిగించిన తరువాత అతనికి చూపి గాని తరువాతి దానిని ముట్టుకొనలేదు.

పెట్రోలు విషయమునను ఒక మాట. ఇప్పుడు మనకు దొరకు పెట్రోలులో నూటికి ఇరువది వంతుల వరకు ఇథనాలు కలియుచున్నది. అది నీటిని పీల్చుకొనును. పాతకాలపు రబ్బరు గొట్టములను మెత్తబరచును. కావున గొట్టములను, పెట్రోలు పంపులోని రబ్బరు పొరను దానికి తట్టుకొను రకముతో మార్చితిమి.

ఖర్చు దాచనేల? రేకు పనికి, వెల్డింగునకు 41,000. బ్రేకులకు, మా తప్పుతో కలిపి, 13,500. టైర్లు, బ్యాటరీ, తీగలు, గొట్టములు 29,000. మా గాజులు రెండు తాకట్టులో నున్నవి. పాతయినుము కొనువానికి ఇచ్చినచో ఇరువదివేలు వచ్చియుండును గదా యని మా పినతండ్రిగారు లెక్క చెప్పిరి. ఆ లెక్కలో తప్పు లేదు. ఇంకను ఖర్చున్నది. 2025 ఆగస్టులో సవరించిన నియమముల ప్రకారము ఇరువదియేండ్లు దాటిన కారునకు రిజిస్ట్రేషను పునరుద్ధరించుటకు 10,000 రూపాయలు కట్టవలెను. ఏబదియేండ్లు నిండిన వానికి వింటేజి నమోదు వేరుగా కలదు గాని మా పద్మినికి 2029 వరకు ఆ యోగము లేదు. తనిఖీ ముగిసి కాగితము చేతికి వచ్చువరకు గేటు దాటరాదని మాకు మేమే కట్టడి చేసికొంటిమి.

పదునాలుగు మాసముల ఆదివారములు గడచినవి. కారింకను ఎఱ్ఱమట్టి రంగు పూతతోనే యున్నది. మీగడరంగు డబ్బాలు మంచము క్రిందనే యున్నవి. మొన్న సాయంకాలము ఇంజను నడుచుచుండగా అత్తగారు పెరటిలోనికి వచ్చి, ఎవరును పిలువకయే ముందు సీటులో ఎడమప్రక్క కూర్చుండి తలుపు లాగిరి. అది ఒక్కసారికే పడెను.

“ఇదేమిటే, ఇది ఎప్పుడూ రెండుసార్లు వేస్తేగాని పడేది కాదే!” అనిరి.

దూలము మార్చితిమి గదా, సందు సరిపోయినదని చెప్పితిమి. ఆమె వినినట్లు లేదు. తలుపు తెరచి మరల నొకసారి వేసికొనిరి. కాఫీ అక్కడికే తెమ్మనిరి.