ఏనుగును కొని... అంకుశం దగ్గర బేరమా?

హుజూరాబాద్‌లో గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిన ఇల్లు ఏదైనా సరే... చివరి వారం హడావుడి అంతా వంటింట్లోనే. గట్టు మీద గ్రానైట్ పరిచేశారు. గోడకు టైల్స్ అతికించేశారు. ఇక మిగిలింది కప్‌బోర్డులు. ప్లైవుడ్ ఏ రకం, సన్‌మైకా ఏ రంగు అనేది ఇంటిల్లిపాదీ కూర్చుని తేలుస్తారు. నచ్చిన హ్యాండిల్ కోసం కరీంనగర్ ఒకసారి, హన్మకొండ ఒకసారి తిరిగొస్తారు. స్క్రూల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఏవో ఒకటి, రెండు డబ్బాలు పట్టుకురా’ అని కుర్రాణ్ని హార్డ్‌వేర్ దుకాణానికి పంపేస్తారు. వేలకు వేలు పోసి చేయించిన కప్‌బోర్డు నిలబడేది ఆ ‘ఏవో ఒకటి’ మీదే!

ఓసారి లెక్క వేసి చూడండి. మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తున్న గోడ కప్‌బోర్డును 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేస్తే ఖాళీదే పాతిక కిలోల దాకా తూగుతుంది. అందులో స్టీలు గిన్నెలు, పప్పుల డబ్బాలు, పచ్చడి జాడీలు సర్దితే మరో ముప్ఫై, నలభై కిలోలు. అంటే ఓ నిండు మనిషిని గోడకు వేలాడదీసినట్టే. సరిగ్గా దాని కిందే ఇల్లాలు రోజూ గంటలకొద్దీ నిలబడి వంట చేస్తుంది. పిల్లలూ అక్కడే తిరుగుతుంటారు.

తాతల కాలంలో ఈ బెంగ లేదు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇళ్లల్లో తలుపులైనా, అల్మారాలైనా టేకువే. ఒక చెక్క కొసను సన్నగా చెక్కి మరో చెక్క బెజ్జంలో దిగ్గొట్టేవారు. చెక్కే చెక్కను పట్టుకునేది. అల్మారా గోడలోనే ఉండేది కాబట్టి బరువంతా గోడే మోసేది. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు వచ్చాక ఆ భారం స్క్రూ మీద పడింది.

సుత్తితో కొట్టొద్దు

స్క్రూ బలమంతా దాని మరల్లోనే ఉంటుంది. ఒక్కో మర చెక్కను కొరుక్కుంటూ లోపలికి వెళ్లాలి. కానీ జరిగేది వేరు. స్క్రూను సుత్తితో ముప్పావు వంతు దిగ్గొట్టి, చివర్లో రెండు చుట్లు తిప్పి వదిలేస్తుంటారు. ‘అన్నా, మొల కొట్టినట్టు కొడుతున్నవేంది?’ అని ఇల్లాలు అడిగితే, ‘ఏం గాదు చెల్లే, గట్టిగనే ఉంటది’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ రోజుకు గట్టిగానే ఉంటుంది. లోపల మాత్రం చెక్క పీచు చితికిపోయి ఉంటుంది. మరలకు పట్టు దొరకదు. ఏడాది తిరిగేసరికి తలుపు ఊగడం మొదలవుతుంది.

సరైన పద్ధతి... ముందు సన్నగా రంధ్రం చేసి, ఆ తర్వాత స్క్రూను మొదటి నుంచీ తిప్పుతూ బిగించడం. నాలుగు మిల్లీమీటర్ల స్క్రూకు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల రంధ్రం చాలు. ప్లైవుడ్ అంచులోకి దించేటప్పుడు ఇది మరీ ముఖ్యం. రంధ్రం లేకపోతే పొరలు విచ్చుకుంటాయి.

ఏ పనికి ఏది?

దుకాణంలో డబ్బా మీద ‘50 x 8’ అని ఉంటే... పొడవు 50 మిల్లీమీటర్లు, లావు 8వ నంబరు అని అర్థం. నంబరు పెరిగేకొద్దీ స్క్రూ లావు పెరుగుతుంది. 8వ నంబరు దాదాపు నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు.

* రెండు ప్లైవుడ్ చెక్కల్ని మూలగా కలిపేందుకు 50 మిల్లీమీటర్ల స్క్రూ సరిపోతుంది. మొదటి చెక్కలో 18 పోగా మిగిలిన 32 రెండో దాని అంచులోకి దిగుతాయి. పొడవులో దాదాపు మూడింట రెండు వంతులు రెండో చెక్కలో ఉండాలన్నది గుర్తు.

* పార్టికల్ బోర్డు పొడి చెక్కను అదిమి చేసింది. సన్నటి మరలు అందులో నిలవవు. దానికి 7 మిల్లీమీటర్ల లావు, 50 మిల్లీమీటర్ల పొడవు, వెడల్పాటి మరలు ఉండే కన్ఫర్మాట్ స్క్రూలు వాడాలి. ఒకసారి ఊడదీసి మళ్లీ అదే రంధ్రంలో బిగిస్తే పట్టు తగ్గుతుంది.

* పక్కపక్కన ఉన్న రెండు కప్‌బోర్డుల్ని కలిపేటప్పుడు రెండు చెక్కల మందం 36 మిల్లీమీటర్లు. కాబట్టి స్క్రూ 30 మిల్లీమీటర్లు దాటకపోతే మంచిది. లేదంటే మొన అవతలికి పొడుచుకొచ్చి చేతికి గీరుకుంటుంది.

* తలుపు కబ్జాలకు 16 మిల్లీమీటర్లవి చాలు. అంతకన్నా పొడవైతే బయటి సన్‌మైకా ఉబ్బుతుంది. సొరుగు ఛానళ్లకు తల పలచగా ఉన్నవే ఎంచుకోవాలి. తల పైకి లేస్తే సొరుగు పూర్తిగా మూసుకోదు.

* సింకు కింద, కుళాయి పక్కన స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడాలి. మిగతాచోట్ల జింకు పూతవి చాలు.

నల్ల స్క్రూలతో జాగ్రత్త

చాలామంది కార్పెంటర్ల డబ్బాలో నల్లటి స్క్రూలే ఎక్కువ. జిప్సం స్క్రూలంటారు. చవక, మిషన్‌తో చకచకా దిగిపోతాయి. కానీ అవి తయారైంది జిప్సం బోర్డుల్ని బిగించడానికి. బాగా గట్టిపరిచిన ఉక్కు కావడంతో బరువు పడితే వంగవు... పుటుక్కున విరుగుతాయి. మామూలు స్క్రూ అయితే వంగి ముందే హెచ్చరిస్తుంది. నల్లది ఆ అవకాశం ఇవ్వదు. గోడ కప్‌బోర్డును వేలాడదీయడానికి మాత్రం వాటిని దగ్గరికి రానివ్వొద్దు.

గోడ సంగతి

అసలు పరీక్ష ఇక్కడే. గోడలో స్క్రూ నేరుగా నిలవదు, గిట్టీ కావాలి. ఒకప్పుడు గోడను తొలిచి చెక్కముక్క దిగ్గొట్టేవారు. 1958లో జర్మనీకి చెందిన ఆర్తుర్ ఫిషర్ నైలాన్ గిట్టీని తయారుచేశాక పని తేలికైంది. స్క్రూ తిరిగేకొద్దీ గిట్టీ విచ్చుకుని ఇటుకను లోపలి నుంచి పట్టుకుంటుంది.

గిట్టీ ఉండాల్సింది ఇటుకలో. టైలు, ప్లాస్టరింగు లెక్కలోకి రావు. కప్‌బోర్డు లోపలి పట్టీ, వెనక ప్లైవుడ్ కలిపి 24 మిల్లీమీటర్లు, టైలూ ప్లాస్టరూ మరో 25, ఇటుకలో కనీసం 40. అంటే దాదాపు 90 మిల్లీమీటర్ల స్క్రూ కావాలి. టైల్స్ లేని గోడకు 80 చాలు. గిట్టీ 8 మిల్లీమీటర్లదైతే స్క్రూ లావు 5 నుంచి 6 ఉండాలి. టైలు దాటేవరకు డ్రిల్లును హ్యామర్‌లో పెట్టొద్దు, పగులుతుంది. గోడ లోపల కరెంటు తీగలు, నీళ్ల పైపులు ఎటు వెళ్లాయో ముందే చూసుకోవాలి.

ఎర్ర ఇటుకకు, బూడిద ఇటుకకు మామూలు గిట్టీ పనిచేస్తుంది. తేలికపాటి ఏఏసీ దిమ్మెలకు మాత్రం వాటికోసమే చేసిన గిట్టీలు అడిగి తీసుకోవాలి. పాత మట్టిగోడైతే వేలాడదీసే ఆలోచనే మానుకుని, కప్‌బోర్డును నేల మీదే నిలబెట్టడం క్షేమం.

మరో మాట. వెనకున్న ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కే స్క్రూ బిగిస్తే బరువుకు తల అందులోంచి జారిపోతుంది. లోపల పైనా కిందా 18 మిల్లీమీటర్ల మందం పట్టీలు వేయించి, వాటి గుండా వాషరు పెట్టి బిగించాలి. మూడడుగుల కప్‌బోర్డుకు పైన మూడు నాలుగు, కింద రెండు.

బిగించాక వెంటనే నింపేయొద్దు. బరువైనవి కింది అరల్లో, గట్టు కింద ఉంచి, పైన తేలికవి కొద్దికొద్దిగా సర్దండి. నెల తర్వాత కప్‌బోర్డు పై అంచుకూ గోడకూ మధ్య సందు వచ్చిందేమో వేలితో తడిమి చూడండి. గోరు దూరేంత సందు కనిపించినా సామాన్లు దించేసి కార్పెంటర్ని పిలవాల్సిందే.

మొత్తం వంటింటికి పట్టే మంచి స్క్రూలు, గిట్టీల ఖర్చు తలుపుల హ్యాండిళ్ల ఖర్చుకన్నా తక్కువే. ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరమెందుకు? ఈసారి హార్డ్‌వేర్ దుకాణానికి కుర్రాణ్ని పంపేముందు చేతిలో ఓ చీటీ పెట్టండి. ఏ పనికి ఎంత పొడవు, ఎంత లావు, ఎన్ని... అంతే!