హనుమకొండకు ఓ బాల్గోవ్ కావాలి

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఏడు గోల్ఫ్ కోర్సులున్నాయి. ఏది గొప్పదంటే అందరూ ఓల్డ్ కోర్సు పేరే చెప్తారు. 112 బంకర్లు, ఆరు వందల ఏళ్ల ఆట, 2022 నాటి 150వ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ దాని ఖాతాలోవే. 1895 నాటి న్యూ, 1914లో హ్యారీ కోల్ట్ తీర్చిన ఈడెన్, 2008లో వచ్చిన కాజిల్‌కూ అభిమానులున్నారు. ఉద్యోగమంతా హనుమకొండ పిల్లలతో డ్రిల్ చేయించినవాణ్ని, నా మార్కులు మాత్రం బాల్గోవ్‌కే.

బాల్గోవ్‌లో ఉన్నవి తొమ్మిది హోల్సే. పిల్లలూ, కొత్తగా నేర్చుకునేవాళ్లూ ఆడతారు. ఓల్డ్ కోర్సుకైతే ఆట స్థాయి తెలిపే హ్యాండిక్యాప్ చూపించాలి, చాలామంది లాటరీలో పేరు వేసి ఎదురుచూడాలి.

మా అమ్మాయి డండీలో చదివేటప్పుడు ఓ ఆదివారం అక్కడికి తీసుకెళ్లింది. ఆదివారాలు ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆట ఉండదు. ఊరి జనం పిల్లల్నీ కుక్కల్నీ వెంటేసుకుని ఆ గడ్డి మీదే తిరుగుతున్నారు. నేల ఊరిది, నడిపేది 1974 చట్టంతో వచ్చిన ట్రస్టు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లోనూ 18 హోల్స్ లోధీ కోర్సు పక్కన తొమ్మిది హోల్స్ పీకాక్ కోర్సుంది. కానీ అది సభ్యుల క్లబ్బు. చిన్న కోర్సు ఉంటే సరిపోదు, గేటు కూడా తెరిచి ఉండాలి.

హనుమకొండకు గోల్ఫ్ తెమ్మనడం లేదు. ఉన్న మైదానాల సంగతే చూద్దాం. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, సునీతా రాణి 2002లో నెలకొల్పిన జాతీయ రికార్డును దాటింది. మన ఓల్డ్ కోర్సు అదే. ఆర్ట్స్ కాలేజీ మైదానం పొద్దున వాకర్లది, 2022 మేలోనూ 2023 జూలైలోనూ భారీ సభలు జరిగిందీ అక్కడే. మరి మన బాల్గోవ్ ఏది? నాలుగో తరగతి పిల్ల సాయంత్రం ఎక్కడ పరుగెత్తాలి? స్పైకులు వేసుకుని దూసుకొచ్చే అథ్లెట్ల మధ్యకు ఆమెను పంపలేం.

అందుకే రెండే అడుగుతున్నాను. ప్రతి మైదానం గేటుకూ వారం పట్టిక కట్టాలి, ఏ వేళ ఎవరిదో అందులో ఉండాలి. సభల తేదీలూ ముందే రాయాలి, గుంజల గుంతలు పూడ్చడానికి డిపాజిట్ కట్టించుకోవాలి. రెండోది, అర ఎకరమైనా సరే, ఓ జాగా సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా పన్నెండేళ్లలోపు పిల్లలకే వదలాలి. ఫీజు, సభ్యత్వం ఉండొద్దు.

ఓల్డ్ కోర్సులో ఏడు గ్రీన్లను రెండేసి హోల్స్ పంచుకుంటాయి. వెళ్లేవాళ్లూ తిరిగొచ్చేవాళ్లూ ఒకే పచ్చిక మీద ఆడుకుంటున్నప్పుడు, మనం వేళలు పంచుకోలేమా? చూసుకునే పీఈటీలు లేరంటారేమో. రిటైరైనవాళ్లం ఊళ్లోనే ఉన్నాం. జీతం అడగం.