శ్రీవారి టికెట్ల రష్: సర్వర్ మొరాయిస్తే సాక్ష్యం ఎక్కడ?

తిరుమల శ్రీవారి 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలారంటే చాలు.. భక్తులంతా ఒకేసారి సైట్‌పై పడతారు. ఇలాంటి రద్దీలో ఎవరికైనా డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే? దళారుల బాట్‌లు దూరాయని అనుమానం వస్తే? అసలేం జరిగిందో తేల్చేది సర్వర్ లాగ్.

ఇంత రద్దీ తట్టుకోవాల్సిన సైట్లను ఇప్పుడు చాలా సంస్థలు కుబర్నెటీస్ కంటైనర్లలో నడుపుతున్నాయి. రద్దీ పెరిగితే కొత్త పాడ్‌లు వస్తాయి, తగ్గితే పోతాయి. చిక్కంతా ఇక్కడే. పాడ్‌ను తీసేస్తే దాని లాగ్ కూడా పోతుంది. పాడ్ ఉన్నా, డిఫాల్ట్‌గా ఒక్కో కంటైనర్‌కు మిగిలేది 10 ఎంబీల ఫైళ్లు 5 మాత్రమే. రష్ టైంలో పాతవి చెరిగిపోతాయి.

దీనికి మందు లాగ్ ఫార్వర్డింగ్. క్లస్టర్‌లోని ప్రతి నోడ్‌పై ఫ్లూయెంట్ బిట్ లాంటి ఏజెంట్‌ను డీమన్‌సెట్‌గా పెడితే, లాగ్‌లను ఎప్పటికప్పుడు బయటి స్టోరేజీకి పంపేస్తుంది. మధ్యలో నెట్‌వర్క్ తెగినా పోకుండా డిస్క్ బఫర్ పెట్టాలి. ఆధార్, ఫోన్ నంబర్లను పంపే ముందే మాస్క్ చేయాలి. లేదంటే సాక్ష్యం కోసం దాచిందే లీకేజీకి దారి అవుతుంది.

ఇది ఇష్టముంటే చేసే పని కూడా కాదు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలైనా, కంపెనీలైనా లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి.

సర్వర్లు పెంచితే రద్దీ తట్టుకోవచ్చు. భక్తుడికి జవాబు చెప్పాలంటే మాత్రం లాగ్ ఉండాల్సిందే.